పంతులు సంచిలో మన మాట ఏది?

ప్రతి జూన్‌లో బడి తలుపులు తెరిచేసరికి పంతులు చేతికి ఒక సంచి వస్తుంది. అందులో కరదీపిక ఉంటుంది, వర్క్‌బుక్కులుంటాయి, అట్టముక్కల మీద అచ్చేసిన అక్షరాలుంటాయి, గోడకు తగిలించే బొమ్మల చార్టులుంటాయి. దాంతోపాటు శిక్షణకు రమ్మని కబురు. మండల వనరుల కేంద్రంలో కొన్నాళ్ళు కూర్చోబెట్టి చదవడం ఎలా నేర్పాలో, రాయించడం ఎలాగో చెబుతారు. ఇప్పుడా సంచి ఫోన్‌లోకి కూడా ఎక్కింది. 2017లో కేంద్రం దీక్షా అనే పేరుతో ఒక ఏర్పాటు చేసింది. పాఠ్యపుస్తకంలో ఉన్న నల్లగళ్ళ గుర్తుకి ఫోన్ చూపిస్తే పాఠం బొమ్మలై ఆడుతుంది.

మంచిదే. పంతులుకి పనిముట్లు వద్దని బుద్ధున్నోడెవడూ అనడు. ఆరె ఇవ్వకుండా చెప్పు కుట్టమంటే ఎట్లా కుడతాం? కానీ అన్నలారా, అక్కలారా, ఆ సంచి ముందు నిలబడి మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఎవరి పిల్లల్ని చూసి కట్టిన సంచి? ఏ ఇంట్లో మాట్లాడే మాటను చెవినబెట్టుకుని తయారుచేసిన సంచి?

గోడమీద చార్టు చూడండి. ఋ అంటే ఋషి. ఐ అంటే ఐరావతం. జ్ఞ నేర్పాలంటే యజ్ఞం. ఝ దగ్గరకొచ్చేసరికి ఝషం అని రాసి కింద చేప బొమ్మ! ఏళ్ళ తరబడి అచ్చవుతున్న చార్టులివి. ఝషం పులుసు పెట్టుకునే ఇల్లు ఈ తెలుగునాట ఒక్కటి చూపించండి. చేప తెలిసిన పిల్లకు, చేపలు పట్టే పిల్లకు, చేప కాని చేపను చూపించి అక్షరం నేర్పుతున్నారు. ఇంద్రుడి ఏనుగు ఏ చెరువులో నీళ్ళు తాగిందో మన పిల్ల ఎరగదు. వాడలో ఉన్న గేదె ఎరుగు, గొడ్డు ఎరుగు. గంప, కుండ, లంద అనే మూడు మాటలు పలక మీద రాస్తే సున్న వచ్చేస్తుంది. డప్పు, తట్ట, గుడ్డ, సద్ది అని రాస్తే ద్విత్వం వచ్చేస్తుంది. కలుపు, పులుపు, ములుకు అంటే కొమ్ము వచ్చేస్తుంది. పైసా ఖర్చు లేని పాఠం. అయినా ఏ కరదీపికలోనూ లంద అనే మాట నా కంటబడలేదు. తోలు నానబెట్టే లంద లేకుండా ఈ దేశంలో మోటబావి బొక్కెన లేదు, కాలికి చెప్పు లేదు. ఆ మాట మాత్రం అక్షరాల్లోకి రాకూడదు!

తెలుగు వర్ణమాల 56 అక్షరాలని చెబుతారు. అందులో ఌ, ౡ అనే రెండింటితో పిల్లకు జన్మలో పనిపడదు. ఖ ఘ ఛ ఝ లాంటి ఒత్తక్షరాలు చాలామటుకు సంస్కృతం మాటల వెంట వచ్చినవి. అచ్చతెలుగు మాటల్లో అవి లేవు. మన అవ్వ బారతం అన్నా, బోజనం అన్నా నోరు తిరక్క కాదు, తెలుగు నోరు అట్లాగే ఉంటుంది కాబట్టి. నిజం చెప్పాలంటే బోజనం అనే అగ్రవర్ణాల నోళ్ళూ కోకొల్లలు. వాళ్ళంటే అలవాటు, మనమంటే తప్పు.

ఇక అసలు సంగతికొద్దాం. చదవడం నేర్పే చోట ఏం జరుగుతోందో చూద్దాం.

ఒకటో తరగతో రెండో తరగతో చదివే పిల్ల పుస్తకం పట్టుకుని నిలబడింది. పుస్తకంలో చెట్టు అని ఉంది. పిల్ల 'సెట్టు' అంది. పంతులు ఆపాడు. "సెట్టు కాదే, చెట్టు అను." పిల్ల తడుముకుంది. మళ్ళీ 'సెట్టు' అంది. మిగతా పిల్లలు నవ్వారు. పంతులు ఇంకోసారి ఆపాడు. మూడోసారికి పిల్లకు గొంతు పెగల్లేదు. ఈ పిల్లకి చదవడం రాదు అని పంతులు పుస్తకంలో రాసుకున్నాడు.

ఆగి ఆలోచించండి. ఆ పిల్లకి చదవడం రాదా? పుస్తకంలో ఉన్న 'చెట్టు'ను కళ్ళతో చూసి, అది ఇంటిముందున్న వేపచెట్టేనని గుర్తుపట్టి, తన ఇంటిమాటలోకి మార్చుకుని పలికింది. చదవడమంటే అదే కదా! అక్షరం చూసి అర్థం పట్టింది. తప్పు చదివి ఉంటే 'చుట్ట' అని ఉండేది, 'చిట్టి' అని ఉండేది. 'సెట్టు' అన్నదంటేనే సరిగ్గా చదివిందని రుజువు. ఇంకో పిల్లాడు చె, ట్టు, చెట్టు అని చిలకలాగా గట్టిగా పలికి, అదేందిరా అంటే బిక్కమొహం వేసుకుంటాడు. పంతులు పుస్తకంలో వాడికి చదవడం వచ్చు! చదవడంలో తప్పుకీ, యాసకీ తేడా తెలియడం ఒకటో తరగతి పంతులుకుండాల్సిన మొట్టమొదటి విద్య. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో తెలియడమే ఆ విద్య. సంచిలో పెట్టి ఇవ్వాల్సింది ముందు అదీ.

పిల్ల చదివేటప్పుడు ఆపకుండా చదవనివ్వాలి. రాసేటప్పుడు చెప్పాలి: "మనం ఇంట్లో సెట్టు అంటాం, పుస్తకంలో చెట్టు అని రాస్తారు, రెండూ నీవే" అని. ఎంత సేపు పడుతుంది ఆ మాట చెప్పడానికి? నవ్విన పిల్లల నోరు మూయించడానికి ఎంత సేపు పడుతుంది? కానీ ఆ పని చెయ్యాలంటే పంతులుకి ముందు ఒకటి నమ్మకం కుదరాలి: వాడమాట కూడా తెలుగేనని. అక్కడొచ్చింది చిక్కు.

మా తెలుగు తేట తెలుగని మురిసిపోయేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద కత్తిదూసి జీవితమంతా పోరాడాడు. దాన్ని మనం తక్కువ చెయ్యం. కొండమీద సవరల మాట నేర్చుకుని వాళ్ళ మాటలోనే వాళ్ళకు పుస్తకాలు రాసినవాడు, బడి పెట్టినవాడు. ఏ పండితుడు చేశాడు ఆ పని? కానీ ఆ ఉద్యమం గెలిచి పాఠ్యపుస్తకంలో అడుగుపెట్టిన తెలుగు ఏది? శిష్టవ్యవహారికం. శిష్టులంటే ఎవరు? చదువుకున్న పెద్దకులాలవాళ్ళు. అంటే పండితుల గ్రంథంలోంచి భాష బయటికొచ్చి వాళ్ళ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఊరి మధ్యదాకా వచ్చింది. వాడదాకా రాలేదు. కూడు అనే మాట పాత తెలుగు కవులు గౌరవంగా వాడిన మాట. మన నోట పడేసరికి మోటైపోయింది, సంస్కృతం భోజనం మర్యాదైపోయింది. మాటకి కులం ఎక్కడినుంచి వచ్చింది? పలికినవాడి కులమే మాట కులం.

తెలంగాణ సంగతి చూడండి. సినిమాల్లో రౌడీకీ, నవ్వించేవాడికీ ఆ యాస పెట్టి ఎన్నేళ్ళు ఎగతాళి చేశారు? 2014లో రాష్ట్రం వచ్చింది. ఆ తరువాత తెలంగాణ రచయితలు, తెలంగాణ మాట పాఠ్యపుస్తకాల్లోకి నడిచివచ్చాయి. నిన్నటిదాకా తప్పుగా ఉన్నది ఒక్క చట్టంతో ఒప్పైపోయింది! భాషాశాస్త్రం మారలేదు, గద్దె మారింది. దీన్నిబట్టి అర్థం చేసుకోండి పాఠ్యపుస్తకంలోకి మాట ఎట్లా వస్తుందో.

ఇది మనొక్కళ్ళ గోడు కాదు. అమెరికాలో నల్లవాళ్ళు ఇదే పోరాటం చేశారు, చేసి కోర్టుదాకా పోయారు. మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఊరు. అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ పేరుమీదే ఒక బడి. ఆ బడికి వచ్చే పేదకాలనీ నల్లపిల్లల్ని మందమతులని, నేర్చుకునే శక్తి లేదని పక్కకు నెడుతున్నారు. తల్లులు ఊరుకోలేదు. 1977లో దావా వేశారు. మా పిల్లలకు బుద్ధి తక్కువ లేదు, మేం ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు వేరు, మీ పంతుళ్ళకు అది తెలియక మా పిల్లలకు చదువు రాదంటున్నారు అని వాదించారు. భాషాశాస్త్రవేత్తలు వచ్చి సాక్ష్యం చెప్పారు: నల్లవాళ్ళ ఇంగ్లీషు తప్పుల కుప్ప కాదు, దానికీ కట్టుబాటుంది, వ్యాకరణముంది అని. 1979లో జడ్జి చార్లెస్ జాయ్నర్ తీర్పిచ్చాడు. తీర్పులో ఏముందో జాగ్రత్తగా వినండి. నల్లవాళ్ళ ఇంగ్లీషులోనే పాఠం చెప్పమని అనలేదు. పిల్లల్ని మార్చమనీ అనలేదు. పిల్లల ఇంటిమాట ఏమిటో పంతుళ్ళకు నేర్పండి, చదవడం నేర్పేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకునేటట్టు పంతుళ్ళను తయారుచేయండి, దానికి పథకం వేసుకుని రండి అన్నాడు. లోపం పిల్లలో వెతకడం ఆపి పంతులు తయారీలో వెతకమన్నాడన్నమాట. ఆ తల్లులు గుడిసెల్లాంటి ఇళ్ళల్లోంచి వచ్చిన తల్లులే. మన తల్లులకు ఏం తక్కువ?

మన దగ్గర ఈ ఆలోచన బొత్తిగా లేదని కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి, బంజారా లాంటి ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు వేసి, ఆదివాసీ పిల్లలకు ముందు వాళ్ళ మాటలో చెప్పి తరువాత తెలుగులోకి తీసుకొచ్చే పని మొదలుపెట్టారు. మొదలుపెట్టినంత పట్టుగా నిలబెట్టారా అనేది వేరే తగాదా. కానీ వేరే భాష అయితే గుర్తిస్తారు. ఒకే భాషలో పైమాట, కిందమాట ఉందంటే మాత్రం ఒప్పుకోరు. ఒప్పుకుంటే భాషలో కులముందని ఒప్పుకోవాలి.

ఇప్పుడు పిల్లల్ని వదిలి పెద్దోళ్ళ చదువు దగ్గరికి రండి. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చినవాళ్ళు నూటికి 44 మంది. ఎస్సీల్లో 32 లోపు. ఎస్సీ ఆడోళ్ళలో 21. ఆ రోజుల్లోనే అక్షరాస్యత ఉద్యమమని ఊరూరా దీపాలు పెట్టారు. నెల్లూరు జిల్లాలో 1990లో మొదలైంది. రాత్రిపూట లాంతరు కింద కూర్చుని కూలికి పోయొచ్చిన ఆడోళ్ళు పలక పట్టారు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుబోతు మగాళ్ళతో పడలేక ఆడోళ్ళంతా కలిసి ఊళ్ళో సారాకొట్టు మూయించిన కథ. దూబగుంట ఆడోళ్ళు చదివారు. చదివి ప్రశ్నలకు జవాబులు రాసి ఊరుకోలేదు. ఇది మన కథేగదా అనుకున్నారు. లేచారు, సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. 1992కల్లా జిల్లా జిల్లా అంటుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో మళ్ళీ ఎత్తేశారు, అది పాలకుల బుద్ధి.

పంతుళ్ళు, కార్యకర్తలు ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ పాఠం ఆడోళ్ళ చేత చదివించింది ఏది? చార్టా? శిక్షణా? కాదు. పాఠంలో వాళ్ళ బతుకుంది. తన బతుకు పుస్తకంలో కనబడితే మనిషి కూడబలుక్కుని అయినా చదువుతాడు, చదివింది చేతల్లో పెడతాడు. అందుకే పైవాళ్ళకు భయమేసింది. పాఠం పనిచేసిందని తెలిసిన తరువాత ఆ పాఠాన్నే తీసేశారు! చదువు చెప్పమన్నది ప్రభుత్వమే, చదువు వచ్చాక గుండె గుభేలుమన్నదీ ప్రభుత్వానికే. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరీకి జరిగిందీ ఇదే. 1963లో అంగికోస్ అనే ఊళ్ళో 300 మంది కూలోళ్ళకు వాళ్ళ పనిమాటలే తీసుకుని, ఇటుక లాంటి మాటలు తీసుకుని, ఆ ఇటుక ఎవరు చేస్తున్నారు, ఇల్లు ఎవరిది అని మాట్లాడిస్తూ 40 గంటల్లో చదువు చెప్పాడు. మరుసటేడు సైన్యం గద్దెనెక్కి ఆయన్ని జైల్లో పెట్టింది, తరువాత దేశం విడిచిపోవాల్సి వచ్చింది. అక్షరం నేర్పినందుకు జైలు. ఏ అక్షరం నేర్పితే జైలు, ఏ అక్షరం నేర్పితే బహుమతి అనేది పంతుళ్ళు ఒకసారి బేరీజు వేసుకోవాలి.

చదవడం సంగతి అయింది. రాయడం ఇంకా అన్యాయం.

మన బళ్ళల్లో రాయడమంటే చూసి రాయడం. నల్లబల్ల మీద ఉన్నది పలక మీదికి, గైడులో ఉన్నది నోటుబుక్కులోకి. సొంతంగా రాయమంటే ఒకటే గతి: ఆవు వ్యాసం. ఆవు సాధుజంతువు, పాలిస్తుంది, పూజిస్తాం. ఎన్ని తరాలు రాశారు దీన్ని! మాదిగ పిల్లాడికి ఆవు గురించి ఆ పుస్తకం రాసినాయనకంటే నాలుగింతలు ఎక్కువ తెలుసు. చచ్చిన గొడ్డును ఎవరు మోస్తారో తెలుసు. తోలు ఎట్లా ఒలుస్తారో, సున్నంలో ఎన్నాళ్ళు నానాలో, తంగేడు చెక్క ఎందుకు వెయ్యాలో, ఏ తోలు డప్పుకు పనికొస్తుందో తాత దగ్గర విన్నాడు. తునకలు ఎండబెట్టిన దండెం తెలుసు. ఇవన్నీ మింగేసి, ఆవును పూజిస్తాం అని రాస్తే పదికి పది. వాడి చేత వాడి ఇంటి గురించి అబద్ధం రాయించి మార్కులు వేసే చదువిది!

1855లో ముక్తా సాల్వే అనే పద్నాలుగేళ్ళ పిల్ల ఏం రాసిందో తెలుసా? మాంగు కులం పిల్ల. అంటే మన మాదిగలకు మహారాష్ట్రలో చుట్టాలనుకోండి. పూణేలో జోతిబా, సావిత్రీబాయి ఫూలేలు పెట్టిన బడిలో మూడేళ్ళు చదివింది. మూడేళ్ళంటే మూడేళ్ళే. తన జాతి పడే దుఃఖాన్ని, మాంగు మహర్ల బాధను వ్యాసంగా రాసింది. జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. మమ్మల్ని ఏ మతం తనదంటోందని నిలదీసింది. తాటాకు విసనకర్ర లేదు, కరదీపిక లేదు, ఫోన్ అసలే లేదు ఆ బడిలో. ఉన్నదల్లా నీ బతుకు గురించి నువ్వు రాయి, నేను చదువుతాను అన్న పంతులమ్మ. ఇవాళ పదేళ్ళు బడికి పోయొచ్చిన మన పిల్లలు కూలి డబ్బులు ఎగ్గొట్టిన ఆసామి మీద నాలుగు ముక్కల అర్జీ రాసుకోలేకపోతున్నారంటే లోపం పిల్లల తలకాయలో ఉందా?

అదే కాలపు తోవలో మన తెలుగువాళ్ళూ నడిచారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆదిహిందువుల పిల్లలకు బళ్ళు పెట్టుకుంటూ పోయాడు, ఉర్దూ రాజ్యమేలిన చోట తెలుగులో చదువు చెప్పించాడు. జాషువా స్వయానా బడిపంతులుగా బతికినవాడే. జాషువా పద్యం పుస్తకంలో పెట్టాం గదా, ఇంకేం కావాలి అంటారు ఇప్పటివాళ్ళు. పెట్టారు. పెట్టి ఏం చేశారు? గణవిభజన చేయించారు. ఛందస్సు ఏదో రాయండి, అలంకారం ఏదో చెప్పండి. ఆ పద్యం ఎవరి గుండెకోతో అడిగే ప్రశ్న పరీక్షలో వస్తుందా? నిప్పును తెచ్చి గాజుపెట్టెలో పెట్టి, దీని పొడవు వెడల్పు ఎంతో కొలవమన్నట్టుంది.

ఇక్కడ మనోళ్ళతో ఒక మాట. రిజర్వేషన్ పుణ్యమా అని మన పిల్లలు వేలమంది పంతుళ్ళయ్యారు. గొప్ప సంగతే. కానీ డీఎస్సీ పరీక్షకు సంధులు, సమాసాలు బట్టీపట్టి, ఇంటర్వ్యూల్లో, స్టాఫ్‌రూముల్లో యాస బయటపడకుండా నోరు కుట్టుకుని కుట్టుకుని, చివరికి తమ నోటినే తాము అసహ్యించుకునే దాకా వచ్చినవాళ్ళున్నారు. వాడపిల్ల 'సెట్టు' అంటే అందరికంటే ముందు ఉలిక్కిపడేది వీళ్ళే, ఎక్కడ తమ గుట్టు బయటపడుతుందోనని. అన్నా, నీ కష్టం మాకు తెలుసు. నిన్ను అంత భయపెట్టినోళ్ళ మీద పోవాల్సిన కోపం ఆ ఆరేళ్ళ పిల్ల మీద పోతోంది, చూసుకో. వాడమాట తెలిసిన పంతులువి నువ్వొక్కడివే ఆ బడిలో. మిగతావాళ్ళకు శిక్షణలో నేర్పాల్సింది నీకు తల్లిపాలతో వచ్చింది. దాన్ని దాచుకుంటే ఎట్లా?

ఇక ఇంగ్లీషు గొడవ. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళన్నిటిలో ఇంగ్లీషు మీడియమని జీవో ఇచ్చింది. తెలుగుతల్లి ప్రేమికులందరూ ఒక్కసారిగా గుండెలు బాదుకున్నారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి ఇంగ్లీషు మొదలుపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు రెండుచోట్లా వచ్చాయి. గుండెలు బాదుకున్న వాళ్ళలో తమ పిల్లల్ని సర్కారు తెలుగు బడికి పంపినవాళ్ళు ఎందరు? చేతులెత్తమనండి, లెక్కపెట్టడానికి ఒక చెయ్యి వేళ్ళు చాలు. మాతృభాషలో చదువు మంచిదని మాకు పాఠం చెప్పే ముందు, ఏ మాత భాష అది? మా అమ్మ మాట్లాడింది మీ వాచకంలో లేదు. మా అమ్మ మాటను తప్పని కొట్టినవాళ్ళే ఇవాళ మా అమ్మ భాషను కాపాడతామంటే నమ్మమంటారా?

మన పిల్లలకు ఇంగ్లీషు కావాల్సిందే. అందులో రెండో మాట లేదు. అయితే ఇంగ్లీషు అనగానే అన్నీ తీరిపోతాయనుకునే మన నాయకులు కూడా ఒకటి తెలుసుకోవాలి. ప్రథమ్ వాళ్ళు ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే చెబుతున్నదేమిటి? దేశం మొత్తం పల్లెటూళ్ళలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2018లో నూటికి 50 మంది, 2022లో 43, 2024లో 49. అది కూడా వాళ్ళ వాళ్ళ భాషల్లో. సగంమందికి ఇంట్లో వినే భాషలోనే చదవడం రాకపోతే, ఎదురుపేజీలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళకు ముగ్గే. చదవడమనే పని ఒకసారి వస్తే అది ఏ భాషకైనా పనికొస్తుంది. అది రానివ్వని పంతులు చేతిలో తెలుగైనా ఒకటే, ఇంగ్లీషైనా ఒకటే. బోర్డు మార్చి పంతులు తయారీని మార్చకపోతే, ఇదివరకు తెలుగులో ఫెయిలైనవాళ్ళు ఇప్పుడు ఇంగ్లీషులో ఫెయిలవుతారు.

2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. మూడో తరగతి అయ్యేలోపు ప్రతి పిల్లకూ అర్థం చేసుకుంటూ చదవడం రావాలని, 2026-27ను గడువుగా పెట్టింది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు అన్నారు. కాగితం మీద చూస్తే ఇంటిభాషను వాడుకోండి అనే మాట వీటిల్లో ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో కూడా వీలైనంతవరకు మాతృభాషలో అనే ఉంది. మాట ఉంది, మనిషి లేడు. ఒక్క పంతులే అయిదు తరగతులకూ చెప్పే బళ్ళున్నాయి. ఆ ఒక్కడూ హాజరు ఫోన్‌లో ఎక్కించాలి, అన్నం ఫొటో తియ్యాలి, ఎవరో అడిగిన పట్టిక నింపాలి. పిల్ల పక్కన కూర్చుని చదువుతుంటే వినే తీరిక ఏది? పంతులుకి ఇవ్వగలిగిన అన్నిటికంటే పెద్ద వనరు తీరిక. దాన్ని లాక్కుని సంచులు పంచుతున్నారు.

అందుకని ఊళ్ళల్లో ఉన్న మన సంఘాలవాళ్ళు బడి గురించి పట్టించుకోవాల్సింది మధ్యాహ్న భోజనం, గోడలు, మరుగుదొడ్డి ఒక్కటే కాదు. అవీ చూడండి. కానీ చదువు సంగతి మాకేం తెలుసు, పంతులు చూసుకుంటాడు అని వదలకండి. చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడోళ్ళుండాలి, మన కులాలకు దామాషా ప్రకారం చోటుండాలి. సంతకాలకు పిలిచి పంపేసే కమిటీ కాదది. అందులో కూర్చుని అడగండి. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రిక, కథల పుస్తకాలు కూడా ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. ఆ పుస్తకాలు బీరువాలో తాళం కింద ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా? తాళంచెవి ఎవరి దగ్గరుంది? జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు పంతుల్ని వాడకూడదని 27వ సెక్షన్ చెబుతోంది. మన పంతుల్ని దేనికి వాడుతున్నారు? పిల్లల్ని కొట్టడమే కాదు, మాటలతో హింసించడం కూడా 17వ సెక్షన్ కింద నిషేధమే. యాసను వెక్కిరించడం హింస కాదా? అడగండి. పంతులు మీద పగతో కాదు. మంచి పంతులుంటే ఆయన తరఫున అడగండి, ఆయనకు తీరిక ఇవ్వమని అడగండి.

పంతుళ్ళలో మనసున్నవాళ్ళకు చేతిలో పట్టుకోగలిగిన పనులు రెండు చెబుతాను. న్యూజిలాండ్‌లో సిల్వియా ఆష్టన్ వార్నర్ అనే పంతులమ్మ మావోరీ తెగ పిల్లలకు చదువు చెబుతూ ఒక పని చేసింది. సర్కారువారి వాచకం పక్కనబెట్టి, పొద్దున్నే ఒక్కో పిల్లను అడిగేది, నీకు ఇవాళ ఏ మాట కావాలని. పిల్ల చెప్పిన మాట అట్టముక్క మీద రాసి ఇచ్చేది. ఆ మాట పిల్లది. మర్నాడు గుర్తుపడితే ఉంచుకుంటుంది, గుర్తుపట్టకపోతే ఆ మాట దాని మనసులోంచి వచ్చింది కాదని అవతల పెట్టేది. అట్టపెట్టెలు చించితే ఎన్ని ముక్కలైనా వస్తాయి. వాడలో పిల్ల ఏ మాట అడుగుతుందో చూడండి. అమ్మ అంటుంది, కోడి అంటుంది, డప్పు అంటుంది, అప్పు అంటుంది. దిద్దకండి, రాసివ్వండి.

రెండోది, వాడలో ముసలోళ్ళు ఉన్నారు. కలుపు తీసేటప్పుడు పాడే పాటలు, పొడుపుకథలు, డప్పుమీద దరువుల పేర్లు, గొడ్డుకు జబ్బు చేస్తే వేసే ఆకుపసరు, ఇవన్నీ వాళ్ళతోపాటే మట్టిలో కలిసిపోతున్నాయి. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని వారానికి ఒకరోజు అవ్వ దగ్గరికో తాత దగ్గరికో పంపి, విన్నది విన్నట్టు రాసుకు రమ్మనండి. అవ్వ 'సెప్పింది' అంటే 'సెప్పింది' అనే రాయనివ్వండి. ఆ తరువాత పక్కనే పుస్తకం తెలుగులో ఇంకోసారి రాయించండి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్న పిల్లకు ఏ మాట ఎక్కడ వాడాలో వ్యాకరణం పుస్తకం చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు ఎదురుపేజీ వేసినట్టు మన మాటకు ఒక పేజీ మనమే వేసుకోవాలి. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టకండి. సూది దారంతో కుట్టి బడి బీరువాలో పెట్టండి, మరుసటేడు పిల్లలకు అదే వాచకం. ఇంకో ప్రతి రాసి స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకి పట్టుకెళ్ళండి. అక్కడ పైనుంచి వచ్చిన సార్లు మాదిరి పాఠం చూపించమన్నప్పుడు దాన్నే తీసి చదవండి. సంఘాల వాళ్ళు డైట్ కాలేజీలకు పోయి ప్రిన్సిపాళ్ళను కలవండి. కొత్తగా పంతుళ్ళు కాబోయే పిల్లల్ని నెలకొక్కరోజు వాడకు పంపమని, అరుగుమీద కూర్చుని మనం మాట్లాడుకునేది వినమని రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోండి. జవాబు రాకపోతే నెల తిరిగేసరికి మళ్ళీ పోండి.